రోబోకాన్ రోబో ఫ్రేమ్ 9.6 కేజీలు వచ్చింది, అయినా ఊగుతోంది. ఎక్కడ తప్పు చేశాం?

గోదారి_బోల్ట్:
అందరికీ నమస్తే. మెకానికల్ థర్డ్ ఇయర్, కాకినాడ దగ్గర కాలేజీ. మా కాలేజీ నుంచి రోబోకాన్‌కి (కాలేజీల మధ్య రోబోల పోటీ) వెళ్లడం ఇదే మొదలు, ముందు చేసిన సీనియర్లు ఎవరూ లేరు, వీడియోలు చూసి మేమే తంటాలు పడుతున్నాం. బేస్ 700×700 మిల్లీ, నాలుగు మెకానమ్ వీల్స్ (చుట్టూ ఏటవాలు రోలర్లు ఉండి పక్కకి కూడా నడిపే చక్రాలు). పైపు 20×20, 2 మిల్లీ మందం అల్యూమినియం, అంతా కలిపి 10 మీటర్లు పట్టింది. కింద బేస్‌కి 3 మిల్లీ అల్యూమినియం ప్లేట్ వేశాం. జాయింట్లన్నీ హార్డ్‌వేర్ షాపులో తలుపులకి దొరికే స్టీల్ ఎల్ బ్రాకెట్లు, ఎం5 బోల్టులు ఒక 120 దాకా ఉంటాయి. వెనకాల 600 మిల్లీ ఎత్తు రెండు నిలువు పైపులు, వాటి పైన బంతి విసిరే మెకానిజం సుమారు 3 కేజీలు.

మోటార్లు పెట్టకముందే ఫ్రేమ్ ఒక్కటే తూస్తే 9 కేజీల 600 గ్రాములు, మా టార్గెట్ 6. పోనీ బరువుంది కదా గట్టిగా ఉంటుందిలే అనుకుంటే అదీ లేదు, సడన్‌గా బ్రేక్ వేస్తే పై మెకానిజం తాటిచెట్టులా ఊగుతోంది, గురి తప్పుతోంది, పక్కకి నడిపితే ఒక చక్రం జారి రోబో వంకర పోతోంది. సగం టీమ్ ఇంకా మందం పైపు కావాలంటోంది, సగం టీమ్ మొత్తం ఆర్గాన్ వెల్డింగ్ చేయిద్దాం అంటోంది. షాపాయన అల్యూమినియంలో 6063 గ్రేడ్ కాదు 6061 తీసుకోండి స్ట్రాంగ్‌గా ఉంటుంది అంటున్నాడు. మూడింట్లో ఏది చెయ్యాలి, టైం నెలన్నర ఉంది.

పాత_రోబోకాన్:
మూడూ వద్దు తమ్ముడూ, ఇంకో రూపాయి ఖర్చు పెట్టకముందు ఒక పని చెయ్యి.

నేను 2019 బ్యాచ్, ఆ ఏడు ఫైనల్స్ మంగోలియాలో, రెండో రోబో నాలుగు కాళ్లతో నడవాలి, రెండు రోబోలూ కలిపి 50 కేజీల లోపు ఉండాలి, కాబట్టి గ్రాములు లెక్కపెట్టిన బాధ నాకూ తెలుసు. మేమూ మొదట నీలాగే భయంతో కట్టాం, ఎక్కడ వీక్ అనిపిస్తే అక్కడ ఇంకో బ్రాకెట్, ఇంకో బోల్టు.

ముందు నీ 9.6 ఎక్కడెక్కడ ఉందో చూడు. పైపు 10 మీటర్లు అంటే 3.9 కేజీలు. ప్లేట్ 700×700×3 అంటే 4 కేజీలు, అంటే నీ పైపులన్నిటి కన్నా కింద పరిచిన ప్లేటే ఎక్కువ బరువు! మిగతా 1.7 బోల్టులు బ్రాకెట్లు. ఎం5 బోల్టు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవ్వనిది), రెండు వాషర్లు కలిపి 8 గ్రాముల చిల్లర ఉంటుంది, 120 సెట్లంటే కేజీ. కాబట్టి పైపు మందం పెంచాలా తగ్గించాలా అని కొట్టుకోవడం తర్వాత, ముందు ప్లేటు సంగతి చూడు.

ఇక ఊగడం. దీనికి టెస్ట్ ఉంది. ఫ్రేమ్‌ని బల్ల మీద పెట్టి మూడు మూలలు సి-క్లాంపులతో బిగించు, నాలుగో మూల బల్ల బయటికి వేలాడాలి. నేల నుంచి ఆ మూల ఎత్తు కొలువు. తర్వాత 5 లీటర్ల నీళ్ల క్యాన్ తాడుతో ఆ మూలకి కట్టు, మళ్లీ కొలువు. తర్వాత క్యాన్ తీసేసి మూడోసారి కొలువు, అందరూ ఈ మూడోది మర్చిపోతారు, అసలు విషయం దాంట్లోనే ఉంది. క్యాన్ కట్టినప్పుడు బాగా దిగి, తీశాక మొదటి కొలతకి సరిగ్గా తిరిగొస్తే నీ పైపు సైజో బ్రాకెట్లో చాలట్లేదు అని. తిరిగి రాకుండా కిందే ఉండిపోతే పైపు తప్పు కాదు, జాయింట్లు జారుతున్నాయి. ఎం5 బోల్టుకి 5.5 రంధ్రం వేసుంటావు కదా, ఆ అర మిల్లీ ఖాళీలోనే ఫ్రేమ్ అంతా అటూ ఇటూ కదులుతుంది.

ఆ నిలువు పైపుల గురించి లెక్క కూడా వేశాను, కూర్చుని ఉన్నా కదా. పైన 3 కేజీలు, గట్టిగా బ్రేక్ వేస్తే సెకనుకి సెకనుకి 4 మీటర్ల చొప్పున వేగం తగ్గిందనుకుందాం, 12 న్యూటన్లు, రెండు పైపులు పంచుకుంటే చెరి 6. 20×20×2 పైపు 600 ఎత్తులో దానికి వంగేది మిల్లీ కూడా కాదు, 0.8. నీకు కనపడేంత ఊగుతోందంటే వంగేది పైపు కాదు, కింద ఆ తలుపు బ్రాకెట్ తెరుచుకుంటోంది. కింద ఒక్క డిగ్రీ తిరిగితే చాలు పైన 10 మిల్లీలు కదులుతుంది. టెస్ట్ చేసి నంబర్లు చెప్పు.

కార్బన్_బాబు:
ఇంత గోల ఎందుకు బ్రో కార్బన్ ఫైబర్ ట్యూబులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, వాడెయ్యండి, బరువు సగం అయిపోద్ది.

పాత_రోబోకాన్:
ట్యూబ్ బరువు సగం అవుద్ది బ్రో, జాయింట్లు ఎలా కడతావ్? అన్నిటికీ ప్రింటెడ్ కార్నర్లు, ఎపాక్సీ, ఆరడానికి ఒక రోజు, ముందురోజు రాత్రి ఏదైనా పగిలితే అంతే సంగతులు. కోస్తే వచ్చే ఆ నల్ల పొడి కరెంట్ పాస్ చేస్తుంది, మోటార్ డ్రైవర్ మీద పడితే ఇంకో కథ. మొదటి ఏడు టీమ్‌కి వద్దు, నాలుగో ఏడు చూద్దాం.

బాలానగర్_ఫ్యాబ్:
తమ్మీ నేను హైదరాబాద్ బాలానగర్ల 22 ఏండ్ల నుంచి ఫ్యాబ్రికేషన్ చేస్తున్న, ఏడాదికి ఒకరో ఇద్దరో మీ అసోంటి కాలేజీ పిలగాండ్లు వస్తరు రోబో పట్టుకొని, రాత్రి పదింటికి వస్తరు తెల్లారి బండెక్కాలంటరు. నాకు లెక్కలు రావు గని చేతి పని చెప్త, వినుర్రి.

ఆర్గాన్ గురించి ముందు చెప్త. 2 మిల్లీ పైపు అంటే మంచి చెయ్యి ఉన్నోడు చేస్తడు, 1.5 అయితే బొక్క పడుతది, సగం మంది చెయ్యరు. చేసినా గని అతుకు పక్కపొంటి పైపు మెత్తబడుతది, ఆ వేడి తగిలిన జాగల బలం సగానికి పడిపోతదనుకో, కొత్తగ ఉన్నప్పటి గట్టితనం మళ్ల రాదు. ఇంకోటి, నాలుగు మూలలు అతికి చల్లారినంక చూస్తే ఫ్రేమ్ పాపడం లెక్క ఒక మూల లేసి ఉంటది, రెండు మూడు మిల్లీలు మామూలే. మీరు రోజుకో మార్పు చేసేటోళ్లు, అతికినంక మోటార్ జరపాలంటే గ్రైండర్ పెట్టుడే దిక్కు. అందుకే మీకు రివిట్లు మంచిది.

ఇప్పుడు బోల్టు. ఖాళీ పైపు అడ్డం బోల్టు ఏసి స్పానర్‌తోని గుంజుతరు, పైపు గోడలు లోపటికి నొక్కుకపోతయి. చూస్తే టైట్ ఉంటది, రెండు రోజులకు లూజు. మళ్ల టైట్ చేస్తరు, మళ్ల నొక్కుకపోతది. నువ్వొకసారి బోల్టు ఇప్పి ఆ రంధ్రం చుట్టు వేలు పెట్టి చూడు, సొట్ట తగులుతది. దానికి లోపట స్పేసర్ ఉండాలె. 8 మిల్లీ బయటి సైజు, 6 మిల్లీ లోపటి సైజు పైపు ముక్క, నీ పైపు లోపటి వెడల్పుకు సరిగ్గ కోసి పెట్టు, అప్పుడు బోల్టు ఎంత గుంజినా స్పేసర్ మీద పడుతది. పైపు కొసలకైతే టేకు ముక్క సాపు చేసి సుత్తెతోని కొట్టి దించుతం మేము, నవ్వకుర్రి, మస్తు పని చేస్తది, బరువు కూడ ఉండదు. పైపు గోడకే ట్యాప్ కొట్టి (మరలు కోసి) బోల్టు ఎక్కించకుర్రి, 1.5 మిల్లీల ఎం5 మరలు రెండు కూడ పట్టవు, చేతిల ఊడొస్తది.

ఎల్ బ్రాకెట్లు తీసి పారెయ్యి. 2 మిల్లీ అల్యూమినియం షీటు త్రికోణం ముక్కలు కోసి, జాయింటుకు పైన ఒకటి కింద ఒకటి పెట్టి 4.8 పాప్ రివిట్లు కొట్టు. డ్రిల్ బిట్టు 4.9 దొరికితే అదే తెచ్చుకో, 5 పెడితే జెర వదులయితది. షీటు పైపు రెండు కలిపి క్లాంప్ చేసి ఒక్కటేసారి రంధ్రం వెయ్యాలె, ఏరే ఏరే వేసి కలుపుదామంటే కలువది. మొదలు మూలకు ఒక్కటే రివిట్ కొట్టు, మూలమట్టం పెట్టి చూడు, టేపుతోని ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు కొలువు, రెండు ఒక్కటే రావాలె, వచ్చినంకనే మిగిలినయి కొట్టు.

గోదారి_బోల్ట్:
బాబాయ్ మీరు చెప్పింది నిజం, నాలుగు బోల్టులు విప్పి చూస్తే నాలుగు చోట్లా సొట్టలు పడ్డాయి, ఒక దగ్గరైతే పైపు సీసా నడుములా అయింది.

అన్నా నీ టెస్ట్ చేశాం. ఖాళీగా ఉన్నప్పుడు నేల నుంచి 742, క్యాన్ కట్టాక 731, క్యాన్ తీశాక 739. అంటే 11 దిగి 3 కిందే ఉండిపోయింది. మళ్లీ చేత్తో పైకి లాగితే టక్‌మని శబ్దం వచ్చి 742కి వచ్చింది. ఆ టక్ విన్నప్పుడు మావాళ్లందరి మొహాలు చూడాలి. అంటే జాయింట్లే అన్నమాట. మరి పైపు అలాగే ఉంచి జాయింట్లు మారిస్తే చాలా? 6061 సంగతి ఏంటి?

పాత_రోబోకాన్:
తిరిగి రాని 3 మిల్లీలు జాయింట్లే, మిగతా 8లో కూడా సగం పైన బ్రాకెట్లు వంగడమే అయ్యుంటుంది. కానీ ఎలాగూ విప్పుతున్నావు కాబట్టి పైపు కూడా మార్చు, మందం పెంచి కాదు, తగ్గించి. 20×20×2 మీటరుకి 390 గ్రాములు, 25×25×1.5 మీటరుకి 380. బరువు అటూ ఇటూగా ఒకటే, కానీ వంగకుండా ఉండే గుణం రెండోదానికి 1.65 రెట్లు. లోహం మధ్యలో ఉంటే పని చెయ్యదు, అంచుకి ఎంత దూరంగా జరిపితే అంత పని చేస్తుంది. అలా అని పెంచుకుంటూ పోయి ఒక మిల్లీ గోడ తీసుకోకు, చెయ్యి తగిలితే సొట్ట పడుతుంది, రివిట్ కూడా సరిగ్గా పట్టదు.

6061, 6063 గురించి: వంగకపోవడం వేరు, విరగకపోవడం వేరు. ఏ గ్రేడ్ అల్యూమినియం అయినా స్టిఫ్‌నెస్ ఒకటే, 69, 70 గిగాపాస్కల్ దగ్గర ఉంటుంది. 6061-టి6 గొప్ప ఏంటంటే పర్మనెంట్‌గా వంగిపోవడానికి ఎక్కువ బలం కావాలి. నీ రోబో ఎక్కడా పర్మనెంట్‌గా వంగట్లేదు, ఊగుతోంది అంతే. గుద్దుకునే చోట, మోటార్ బిగించే చోట 6061 పెట్టుకో, మిగతాదంతా కిటికీల సెక్షన్ 6063 చాలు. స్టీలు వాడొచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు, స్టీలు అల్యూమినియం కన్నా మూడు రెట్లు స్టిఫ్, మూడు రెట్లు బరువు, లెక్క అక్కడికక్కడే సరిపోతుంది, అల్యూమినియంతో లాభమల్లా అదే బరువుకి పెద్ద సైజు పైపు వస్తుంది.

3 మిల్లీ ప్లేట్ బదులు 1 మిల్లీ షీట్, 1.3 కేజీలు. కానీ బోల్టులతో నాలుగు చోట్ల తగిలించడం కాదు, చుట్టూ 60 మిల్లీలకో రివిట్. అలా కొడితే అది కేవలం అరుగు కాదు, చతురస్రం పక్కకి ఒరిగిపోకుండా పట్టుకునేది అదే. ఏసీపీ షీట్ (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే బోర్డు షీట్) చౌక కదా అనుకోకు, 3 మిల్లీ ఏసీపీ చదరపు మీటరుకి 4 కేజీల దగ్గర ఉంటుంది, 1 మిల్లీ అల్యూమినియం 2.7.

నిలువు పైపులకి పైనుంచి ముందు మూలలకి ఏటవాలుగా రెండు 12 మిల్లీ సన్న గొట్టాలు. ఒక్కోటి 100 గ్రాములు కూడా ఉండదు, కింద బ్రాకెట్ ఏం చేసినా ఇక పైన కదలదు. మా రోబోకి మేం ఇది చివరి వారంలో కనిపెట్టాం, అప్పటిదాకా కింద బ్రాకెట్లే మారుస్తూ కూర్చున్నాం, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బాలానగర్_ఫ్యాబ్:
ఆ సన్న గొట్టం కొసలు సుత్తెతోని సాపు చేసి రంధ్రం వేస్తరు గద, మెత్త సెక్షన్ అయితేనే అట్ల చెయ్యుర్రి, గట్టి గ్రేడుది అయితే మడత కాడ పగులుతది.

ఫ్రిస్కో_నాన్న:
నమస్తే అండి. మేం టెక్సాస్‌లో ఉంటాం, మా అమ్మాయి హైస్కూల్ ఎఫ్‌ఆర్‌సీ (ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్, స్కూలు పిల్లల రోబో పోటీ) టీమ్‌లో ఉంది, నేను వీకెండ్స్ మెంటార్‌గా వెళ్తుంటాను, అంటే ఎక్కువగా పిజ్జాలు తేవడం, స్వార్ఫ్ (కోసినప్పుడు రాలే లోహపు పొట్టు) ఊడవడం. రూల్స్ వేరే కానీ ఫ్రేమ్ కష్టాలు ఎక్కడైనా ఒకటేనండి. ఇక్కడ 2025 సీజన్‌కి బరువు పరిమితి 125 పౌండ్ల నుంచి 115కి తగ్గించారు, బంపర్లు బ్యాటరీ కాకుండా, అంటే 52 కేజీల చిల్లర. పది పౌండ్లు ఎక్కడ తగ్గించాలో తెలియక పిల్లలు కిందామీదా పడ్డారు.

ఇక్కడ దాదాపు అందరూ వాడేది రెండు అంగుళాలు బై ఒక అంగుళం పైపు. ఎనిమిదో వంతు అంగుళం గోడ ఉన్నది మీటరుకి 1.2 కేజీలు, పదహారో వంతుది 630 గ్రాముల దగ్గర. మా టీమ్ మొదట అంతా మందందే వాడేది. ఇప్పుడు చక్రాలూ గేర్‌బాక్సులూ బిగించే రెండు పట్టాలు మాత్రం మందంది, పైన కట్టేదంతా పల్చటిది. పైపు రెండంగుళాల వైపు నిలువుగా ఉండేలా వాడాలండి, పడుకోబెట్టి కాదు, ఇది చెప్పక్కర్లేదనుకుంటాం కానీ ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లాడు పడుకోబెట్టి బిగిస్తాడు.

నేను రాస్తున్నది అసలు వేరే విషయం గురించి. మీ టీమ్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, పైపులకి రంధ్రాలు వేసి బరువు తగ్గిద్దాం అని. మా వాళ్లు ఒక శని ఆదివారాలు మొత్తం అదే పని చేశారు. పైపుకి వరసగా అరంగుళం రంధ్రాలు, చూడ్డానికి భలే ఉంది, ఫోటోలు కూడా దిగారు. సోమవారం తూస్తే ముల్లు కదిలిందో లేదో తెలియలేదు. ఇంటికొచ్చి లెక్కేశాను, మీ సైజుల్లో చెప్తాను, 1.5 మిల్లీ గోడల్లో ఆరపార 12 మిల్లీ రంధ్రం వేస్తే పోయే లోహం 0.9 గ్రాము. వంద రంధ్రాలు వేస్తే 90 గ్రాములు. అదే మీ బోల్టుల్లో పన్నెండు తీసేసినా అంతే వస్తుంది, పది నిమిషాల పని! మందపాటి ప్లేట్లకైతే రంధ్రాలు పనికొస్తాయి, సన్న పైపులకి చెమట తప్ప ఏం లేదు.

గోదారి_బోల్ట్:
అంకుల్ మీరు ఒక్క రోజు లేటు, నిన్న సాయంత్రం నలభై రంధ్రాలు వేసేశాం 😭

బాలానగర్_ఫ్యాబ్:
ఏం గాదు తీయ్, వైర్లు పోనీకి పనికొస్తయి.

గోదారి_బోల్ట్:
రెండు వారాల తర్వాత అప్‌డేట్. 25×25×1.5 తెచ్చాం, మధ్యలో ఒక అడ్డపట్టీ అనవసరం అని తీసేశాం, 9 మీటర్లతో అయిపోయింది. 4.9 బిట్ కాకినాడలో దొరకలేదు, మా రూమ్మేట్ వాళ్ల మావయ్య వైజాగ్ ఆటోనగర్ నుంచి బస్సులో పంపించాడు. మూలలకి పైనా కిందా త్రికోణం ముక్కలు, కింద 1 మిల్లీ షీట్, బోల్టులు మోటార్ల దగ్గర మాత్రమే, అవి కూడా స్పేసర్లతో. ఏటవాలు గొట్టాలు పెట్టాం. మొత్తం 5 కేజీల 700. క్యాన్ టెస్ట్ మళ్లీ చేశాం, 4 మిల్లీలు దిగింది, తీసేస్తే మొత్తం తిరిగొచ్చింది, టక్ లేదు. పైన ఊగడం అయితే పోయింది, బంతి పడే చోట తేడా ఇప్పుడు కంటికి కనపడట్లేదు.

కానీ కొత్త తలనొప్పి. ఇప్పుడు నేల మీద పెడితే కుడివైపు ముందు చక్రం కింద పేపర్ దూరుతోంది, ఫ్రేమ్ నొక్కితే ఆనుతుంది వదిలితే లేస్తుంది. ఫ్రేమ్ బాగా గట్టిపడింది కదా, పాతది వదులుగా ఉండి దానంతట అదే నేలకి సర్దుకునేదేమో? ఇప్పుడు మళ్లీ వదులు చెయ్యాలా ఏంటి?

పాత_రోబోకాన్:
హహ, వదులు చెయ్యకు. నువ్వు అన్నది సగం కరెక్టే, నాలుగు చక్రాలు గట్టి ఫ్రేమ్‌కి బిగిస్తే మూడే ఆనతాయి, నాలుగు కాళ్ల కుర్చీ సంగతే. మెకానమ్‌కి నాలుగూ ఆనాలి, లేకపోతే పక్కకి వెళ్లమంటే ముక్కు తిప్పుతుంది. పాత ఫ్రేమ్‌తో పక్కకి వంకర పోయింది కదా, అప్పుడు జాయింట్లు ఎటు జారితే చక్రాల మీద బరువు అటు మారేది, ఒక రోజులా ఇంకో రోజు ఉండేది కాదు. ఇప్పుడు తప్పు ఎప్పుడూ ఒకే చక్రం దగ్గర ఉంటుంది, కాబట్టి సరిచెయ్యొచ్చు. ఫ్రేమ్ ఎక్కడ పెట్టి రివిట్లు కొట్టారు?

గోదారి_బోల్ట్:
హాస్టల్ వరండాలో నేల మీద అన్నా...

బాలానగర్_ఫ్యాబ్:
దొరికిండు దొంగ! వరండ నేల ఒక్క తీరు సాపు ఉండదు తమ్మీ, ఎత్తుపల్లాలుంటయి. ఆ వంకర మొత్తం నీ ఫ్రేముల ఎక్కింది. గ్రానైట్ బండ మీద పెట్టి కట్టాలె, లేకుంటే మందం అద్దం మీద.

పాత_రోబోకాన్:
మళ్లీ విప్పక్కర్లేదు. మెస్‌లో గ్రానైట్ బల్ల ఉంటే దాని మీద ఎక్కించు, ఆ చక్రం కింద ఎంత ఖాళీ ఉందో ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే సన్న రేకుల కట్ట) కొలువు, గేజ్ లేకపోతే పేపర్లు పేర్చి వెర్నియర్‌తో చూడు. ఆ ఒక్క మోటార్ బ్రాకెట్ విప్పి, ఫ్రేమ్‌కీ బ్రాకెట్‌కీ మధ్య అంత మందం పెట్టు, చక్రం కిందికి దిగుతుంది. ఎం5 వాషర్ 1 మిల్లీ ఉంటుంది, అంతకన్నా తక్కువ కావాలంటే కూల్‌డ్రింక్ క్యాన్ కత్తిరించు, ఆ రేకు 0.1 మిల్లీ దగ్గర ఉంటుంది, ఎన్ని కావాలంటే అన్ని మడతలు. పోటీ దగ్గర గ్రౌండ్ కూడా అద్దంలా ఏమీ ఉండదు, కాబట్టి టైం మిగిలితే ముందు రెండు చక్రాలూ ఒక అడ్డపట్టీకి బిగించి ఆ పట్టీని మధ్యలో ఒకే బోల్టు మీద తిరిగేలా చెయ్యి, ట్రాక్టర్ ముందు యాక్సిల్ చూశావుగా, అలాగే. టైం లేకపోతే రేకు ముక్కలతో సరిపెట్టు.

గోదారి_బోల్ట్:
ట్రాక్టర్ యాక్సిల్ ఐడియా మా వాళ్లకి పిచ్చపిచ్చగా నచ్చింది, వచ్చే ఏడాదికి. ఇప్పటికి ఒక వాషర్, నాలుగు ముక్కలు థమ్సప్ రేకు. నాలుగు చక్రాల కిందా పేపర్ దూరట్లేదు.